అమెరికాలో పౌరహక్కులు: అంచెలంచెలుగా తెరుచుకున్న తలుపులు

అమెరికా రాజ్యాంగం ప్రజల పేరిటే మొదలవుతుంది. అయినా ఓటు ఎవరికివ్వాలన్నది అది రాష్ట్రాలకే వదిలేసింది. చాలాచోట్ల ఆస్తి ఉన్న తెల్లజాతి మగవారికే ఆ హక్కు దక్కింది. వలస వచ్చినవారిలో తెల్లవారికి మాత్రమే పౌరసత్వమని 1790 చట్టం తేల్చేసింది.

అంతర్యుద్ధం ముగిశాక 1865లో బానిసత్వం రద్దయింది. 1868లో జన్మతః పౌరసత్వం రాజ్యాంగంలోకి ఎక్కింది. జాతి, రంగు చూపి ఓటు కాదనకూడదని 1870లో మరో సవరణ వచ్చింది. మహిళల ఓటు హక్కుకు 1920 దాకా, ఆదివాసులందరి పౌరసత్వానికి 1924 దాకా ఆగాల్సి వచ్చింది.

చట్టంలో ఉన్న ఓటు దక్షిణాది నల్లజాతివారి చేతికి అందలేదు. మిసిసిపీలో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో అధికారి చూపిన సెక్షన్‌ను నకలు రాసి, దాని అర్థం వివరించాల్సి వచ్చేది. జవాబు ఒప్పో తప్పో తేల్చేదీ ఆ అధికారే. పట్టభద్రులైన నల్లజాతివారు సైతం ‘తప్పినవారు’గా వెనుదిరిగేవారు. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం సాగిన ఊరేగింపుపై లాఠీలు విరిగాయి. ఆ దృశ్యాలు టీవీలో చూసి దేశం ఉలిక్కిపడింది. ఆగస్టు 6న ఓటుహక్కుల చట్టం వచ్చి ఆ పరీక్షలకు అడ్డుకట్ట వేసింది. మిసిసిపీలో సుమారు 7 శాతంగా ఉన్న నల్లజాతి ఓటర్ల నమోదు 1967కల్లా 60 శాతానికి చేరువైంది.

భారతీయులదీ ఇలాంటి నిరీక్షణే. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ థింద్‌కు తెల్లవాడు కాడన్న కారణంతో 1923లో సుప్రీంకోర్టు పౌరసత్వం నిరాకరించింది. అప్పటికే పౌరులైన పలువురు భారతీయులూ ఆ తీర్పుతో పౌరసత్వం పోగొట్టుకున్నారు. 1946 చట్టం భారతీయులకు పౌరసత్వపు తలుపు తెరిచినా, వలసను ఏడాదికి సుమారు 100 మందికే పరిమితం చేసింది. 1949లో పౌరుడైన దలీప్ సింగ్ సౌంద్ 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు.

ఓటుహక్కుల చట్టం చేసిన కాంగ్రెసే అదే ఏడాది దేశాలవారీ కోటాలను ఎత్తేసే వలస చట్టాన్నీ ఆమోదించింది. జాతి వివక్షను దేశమంతా నిలదీస్తున్న వేళ ఆ కోటాలను సమర్థించుకోవడం కష్టమైంది. తర్వాతి దశాబ్దాల్లో తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో అమెరికా చేరింది ఈ చట్టం వల్లే. ఓటు కోసం సెల్మాలో దెబ్బలు తిన్నవారికి ప్రవాస తెలుగువారు కూడా రుణపడి ఉన్నారు.