కర్త ఎవరు?

పదిమంది చేసిన పనిలో తప్పు ఎవరిది? 1981 జూలై 17న కాన్సాస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో ఒకదాని కింద ఒకటిగా వేలాడే రెండు నడక వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. రెండు వంతెనల్నీ మోయాల్సిన పొడవాటి ఉక్కు కడ్డీల స్థానంలో, తయారీ సులువని, రెండేసి కడ్డీలు పెట్టారు. పై వంతెన అతుకుల మీద బరువు రెట్టింపైంది. డ్రాయింగు చేతులు మారింది, ఆమోదముద్ర పడింది, లెక్క మాత్రం ఎవరూ వేయలేదు.

భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం ఏ కర్మకైనా ఐదు కారణాలు చెబుతుంది. కర్త వాటిలో ఒకడు మాత్రమే. అలాగైతే బాధ్యత గాలికి పోదా అంటారు. పోదు. కారణాలు ఎన్నున్నా జవాబుదారీతనం పలచబడదు. బాధ్యులైన ఇంజినీర్లు మిస్సోరీలో లైసెన్సులు పోగొట్టుకున్నారు, సబబే. అయితే శిక్ష పడేది కూలాక. అందుకే బృంద సహకారంపై పీహెచ్‌డీ చేస్తున్నవారు సమావేశాలు లెక్కపెట్టడం ఆపి, మార్చిన డ్రాయింగుకు లెక్క ఎవరు వేయాలో ముందు తేల్చాలి.