హృషీకేశ యాత్రయు సేవాయోగమును

తీర్థమను మాటకు దాటించునదియని అర్థము. ఏటిని దాటువానికి రేవెట్టిదో, సంసారమును దాటగోరువానికి పుణ్యక్షేత్రమట్టిదని పెద్దలు చెప్పిరి. రేవు చేరి, అచ్చటి చల్లగాలికి మురిసి, ఆ మెట్లమీదనే కూర్చుండిపోయినవాడు ఏరు దాటినవాడు కాడు. రేవులో దిగి, దాటి, ఆవలి యొడ్డున తనకై వేచియున్న పనిని చేపట్టినవాడే నిజమైన యాత్రికుడు. హృషీకేశమునకు పోవు ప్రతి భక్తుడును ముందుగా తెలిసికొనవలసిన ధర్మమిది.

నేడు మలేసియా తెలుగు కుటుంబములకు చెందిన యువతీయువకులు కొందరు ఢిల్లీ మీదుగా హృషీకేశము చేరి, అచ్చటి యోగ శిబిరములలో వారము దినములో, నెల దినములో గడపి వచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయము. కాని వారిలో ఒకరిద్దరి నోట ఇట్టి మాట వెలువడుటయు కలదు: “తోటల్లో రబ్బరు పాలు తీసిన మా తాతలకు యోగమంటే ఏం తెలుసు? రామభజన తప్ప వాళ్ళకేముంది?” ఇంటనున్న వృద్ధుల నోట మరియొక మాట తరతరములుగా వినబడుచున్నది: “సముద్రం దాటి వచ్చినవాళ్ళం నాయనా, మనకు గంగ ఎక్కడిది?” ఒకటి యౌవనము పలికిన చులకన, మరియొకటి వార్ధక్యము పలికిన దైన్యము. రెండును పొరపాటులే. ఈ రెంటికిని సమాధానము హృషీకేశముననే, గంగయొడ్డుననే కలదు.

హిమాలయ పర్వతముల నడుమనుండి ఉరకలు వేయుచు వచ్చిన గంగ మైదానము చేరబోవు చోట హృషీకేశ క్షేత్రము వెలసినది. అచ్చటినుండి హరిద్వారము సుమారు 25 కిలోమీటర్ల దూరము. 2000 సంవత్సరమున ఏర్పడిన ఉత్తరాఖండ రాష్ట్రములో ఈ ప్రాంతము చేరియున్నది. రైభ్యుడను మహర్షి తపస్సునకు మెచ్చి శ్రీమహావిష్ణువు హృషీకేశుడను పేర ప్రత్యక్షమయ్యెననియు, అందువలననే ఆ క్షేత్రమునకు ఆ పేరు కలిగెననియు స్థలపురాణము. హృషీకములనగా ఇంద్రియములు, వానికి ప్రభువు హృషీకేశుడు. భగవద్గీత మొదటి అధ్యాయమున శ్రీకృష్ణునకు ఈ నామము వాడబడినది. అది వాడబడిన సందర్భము గమనింపదగినది. ఆ సమయమున స్వామి సింహాసనముమీద లేడు. అర్జునుని రథమునకు సారథియై, పగ్గములు చేతబట్టి, చెప్పినచోటికి రథమును తోలుచున్నాడు. సమస్తేంద్రియములకు ప్రభువైనవాడు సేవకుని పని చేయుచున్నాడు. ఇంద్రియములను జయించినవాని లక్షణము ఇతరులచే సేవ చేయించుకొనుట కాదు, తానే సేవ చేయుటయని ఆ నామమే బోధించుచున్నది.

క్షేత్రమున దర్శనీయ స్థలములు పెక్కులు కలవు. ప్రాచీనమైన భరత మందిరము, సాయంకాలము గంగాహారతి జరుగు త్రివేణీ ఘట్టము, నదికి ఆవలి యొడ్డున స్వర్గాశ్రమము, గీతాభవనము, 1942లో స్థాపితమైన పరమార్థ నికేతనము ముఖ్యమైనవి. లక్ష్మణస్వామి నారత్రాళ్ళ వంతెనపై గంగను దాటెనని చెప్పబడు చోట లక్ష్మణ ఝూలా కలదు. అచ్చటి పాత వంతెన 1924 వరదలో కొట్టుకొనిపోగా, 1930లో క్రొత్తది వెలసెను. అదియు శిథిలమగుటచే 2019లో వాహనములకును, పిదప పాదచారులకును మూయబడెను. దిగువన 1986లో నిర్మింపబడిన రామ ఝూలా కలదు. తెలుగు యాత్రికులకు ఆప్తమైన స్థలము తిరుమల తిరుపతి దేవస్థానముల వారి ఆంధ్రాశ్రమము. అచ్చట శ్రీ వేంకటేశ్వరస్వామియు, చంద్రమౌళీశ్వరస్వామియు కొలువై యున్నారు. బృహస్పతి మేషరాశిలో ప్రవేశించినప్పుడు వచ్చు గంగా పుష్కరములు 2023 ఏప్రిల్ 22న ప్రారంభమై పండ్రెండు దినములు జరిగినవి. పుష్కర స్నానమును ప్రాణప్రదముగా నెంచు తెలుగువారికి గంగ ఏనాడును పరాయిది కాదు.

అయినను, తోటల సంతతివారు ఆ క్షేత్రమున తప్పక దర్శింపవలసిన స్థలము మరియొకటి కలదు. మునికీ రేతి అనుచోట గంగయొడ్డున నున్న శివానందాశ్రమమే అది. దాని చరిత్రలో కొంత భాగము మలయా తోటలలో వ్రాయబడినది.

స్వామి శివానందుల పూర్వాశ్రమ నామము కుప్పుస్వామి. ఆయన 1887 సెప్టెంబరు 8న తమిళదేశమందలి పట్టమడై గ్రామమున, అప్పయ్య దీక్షితుల వంశమున జన్మించిరి. వైద్యవిద్య నభ్యసించి 1913లో ఓడయెక్కి మలయాకు వచ్చిరి. ఆచారపరులైన కుటుంబములవారికి సముద్రయానము నిషిద్ధమను భావము ఆనాడు బలముగా నుండెను. ఓడలో వండిన అన్నము ముట్టక, తల్లి కట్టియిచ్చిన మిఠాయిలతోనే కాలము గడపి, మిక్కిలి నీరసించి ఒడ్డు చేరిరని ఆయన చరిత్ర చెప్పుచున్నది. నెగిరి సెంబిలాన్ రాష్ట్రమందలి సెరంబాన్ సమీపమున ఒక రబ్బరు తోట ఆసుపత్రిలో సుమారు ఏడు సంవత్సరములును, ఆపైన జొహోరులో సుమారు మూడు సంవత్సరములును ఆయన వైద్యము చేసిరి.

ఆ కాలమెట్టిదో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. ఒప్పంద కూలి విధానము మలయాలో 1910లో రద్దయినను, కంగాణీల వెంట కూలీల రాక 1938 వరకు సాగెను. విశాఖపట్టణ, గోదావరి ప్రాంతములనుండి వచ్చిన తెలుగువారును, తమిళ సోదరులును లైను ఇండ్లలో కాపురముండి, తెల్లవారుజాముననే చెట్లయొద్దకు పోయెడివారు. చలిజ్వరము తోటలను పీడించెడిది. అట్టి తోట ఆసుపత్రిలో బీదసాదలకు మందిచ్చి, ఆకలిగొన్నవారికి తన చేతి సొమ్మిచ్చి, వైద్యమే పూజగా చేసినవాడు ఆ యువ వైద్యుడు. తన చికిత్స పొందిన ఒక సాధువు ఇచ్చిన వేదాంత గ్రంథమును చదివి ఆయన మనస్సు వైరాగ్యమువైపు మరలెనని చెప్పుదురు. రోగికి చేసిన ఉపచారమే ఆయనకు వేదాంతమును తెచ్చి యిచ్చినది. గంగయొడ్డునకు దారి తోట ఆసుపత్రి గుమ్మమునుండి సాగినది.

1923లో ఆయన ఉద్యోగమును విడిచి భారతదేశమునకు మరలిరి. 1924లో హృషీకేశము చేరి, జూన్ 1న స్వామి విశ్వానంద సరస్వతులవారివలన సన్న్యాసదీక్ష గైకొనిరి. స్వర్గాశ్రమమున కఠిన తపస్సు చేయుచు కూడ రోగులను విడువలేదు. 1927లో భీమా సొమ్ము చేతికి రాగా, దానితో లక్ష్మణ ఝూలా వద్ద యాత్రికులకును సాధువులకును ధర్మవైద్యశాల నడపిరి. తరువాత నది దాటివచ్చి, పాడుపడిన పశువులశాలలో నివసించి, 1936లో దివ్యజీవన సంఘమును స్థాపించిరి. 1963 జూలై 14న మహాసమాధి నొందిరి. ఆయన తరువాత సంఘాధ్యక్షులైన స్వామి చిదానందులు కుష్ఠురోగుల సేవను భగవదారాధనగా నెంచి జీవితాంతము ఆచరించిరి.

దివ్యజీవన సంఘమునకు శివానందులు ఆరు మాటలలో సాధనక్రమము నిచ్చిరి. అందు మొదటిది సేవ, పిదప ప్రేమ, దానము, చిత్తశుద్ధి, ధ్యానము, చిట్టచివరిది ఆత్మసాక్షాత్కారము. ధ్యానము అయిదవ మెట్టు. నాలుగు మెట్లు ఎక్కక అయిదవ మెట్టుమీద కాలు మోపుట సాధ్యమగునా? పతంజలి మహర్షి చెప్పిన అష్టాంగములలోను ఇట్టి క్రమమే కలదు. ఆసనము మూడవ అంగము. దానికి ముందు యమ నియమములు కలవు. అహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము అను అయిదును యమములు. శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వర ప్రణిధానము అను అయిదును నియమములు. శరీరమును విల్లువలె వంచగలిగియు, నాలుకను అదుపులో నుంచలేనివాడు ఇంకను మొదటి మెట్టుకడనే నిలిచియున్నాడు.

యోగ శిబిరమునకు పోవువారు ఈ క్రమమును మనస్సున నిలుపుకొనవలెను. హృషీకేశమున 200 గంటల శిక్షణయిచ్చి పత్రము నొసగు సంస్థలు అనేకములున్నవి. పత్రము నేర్చిన విద్యకు గుర్తే కాని, మారిన మనస్సునకు గుర్తు కాదు. బ్రాహ్మీముహూర్తమున లేచుట, ప్రార్థన, ధ్యానము, ఆసన ప్రాణాయామములు, రాత్రి సత్సంగము: ఇవి శిబిర దినచర్యలో కనబడును. వీనితోపాటు కొన్ని ఆశ్రమములలో కర్మయోగమను పేర ప్రాంగణము చిమ్ముట, కూరలు తరుగుట, వడ్డించుట మొదలగు పనులు సాధకులకు అప్పగింపబడును. ఆ సమయమును వృథాకాలముగా నెంచి తప్పించుకొనువారు కలరు. వారు శిబిరమందలి అసలైన పాఠమును పోగొట్టుకొనినవారు. చీపురు చేతబట్టినపుడు నేను గొప్పవాడనను భావము ఎంత సులభముగా రాలిపోవునో, శీర్షాసనమున నిలిచినపుడు అంత సులభముగా రాలదు. ఒక్కొక్కప్పుడు పెరుగుటయు కలదు.

ఇప్పుడు మొదట వినిన రెండు మాటలకును సమాధానము స్పష్టమగుచున్నది. గంగ ఎక్కడిదని నిట్టూర్చు వృద్ధులకు చెప్పవలసినదిది: హృషీకేశమునకు లోకమంతట పేరు తెచ్చిన మహనీయులలో ఒకరు అదే సముద్రమును దాటి, ఇదే నేలపై పదియేండ్లు గడపి, ఈ తోటల రోగుల నాడి పట్టిన చేతులతో గంగాజలమును తాకినవారు. సముద్రము ఆయనను గంగకు దూరము చేయలేదు. కష్టపడి బిడ్డలను పెంచి, పండుగ నాడు దీపము వెలిగించి, పొరుగువాని ఆపదలో నిలిచిన కూలిజనమును మాత్రము ఎట్లు దూరము చేయును?

తాతలకు యోగమేమి తెలియునని యడుగు యువకులకు చెప్పవలసినది మరియొకటి కలదు. శివానందాశ్రమ భజనశాలలో 1943 డిసెంబరు 3న మహామంత్ర అఖండ సంకీర్తన మారంభమై, రేయింబవళ్ళు సాగుచున్నది. అందు పలుకబడు నామములు రామనామమును, కృష్ణనామమును. పగలెల్ల ఎండలో పనిచేసి, రాత్రి తోట రామభజన మందిరమున తాళములు పట్టి కూర్చున్నవారు పలికినదియు ఆ రామనామమే. అలసిన శరీరమును నామమునందు నిలుపుట యోగము కాదా? కూలి డబ్బులలోనుండి కాసు కాసు కూడబెట్టి మందిరమునకు రేకులు వేయించుట అపరిగ్రహము కాదా? కొత్తగా వచ్చిన కుటుంబమునకు తమ కుండలోని గంజి పంచిపెట్టుట సేవ కాదా? వారు మొదటి మెట్లను ఎక్కిరి. పేర్లు మాత్రము వారికి తెలియవు. మనుమలు పేర్లు నేర్చిరి, మెట్లు ఎక్కవలసియున్నది.

తెలుగువారి యింట ఒక చక్కని ఆచారము కలదు. గంగాయాత్ర చేసి వచ్చినవారు చెంబులో తెచ్చిన గంగను పూజించి, బంధుమిత్రులకును, ఇరుగుపొరుగువారికిని అన్నము పెట్టుదురు. దానిని గంగ సమారాధన యనియు, కాశీ సమారాధన యనియు పిలుతురు. అది జరిగినగాని యాత్ర ముగిసినట్లు కాదని పెద్దల మాట. ఎంత లోతైన భావము! యాత్ర గంగయొడ్డున ముగియదు. ఇంటి ముంగిట, నలుగురికి వడ్డించిన విస్తళ్ళ యెదుట ముగియును. చెంబులో మూసియుంచిన గంగ ఒకరి సొత్తు. తీర్థముగా పంచిన గంగ అందరి పుణ్యము. శిబిరమున నేర్చిన యోగమునకును ఇదియే విధి.

కావున హృషీకేశమునుండి మరలివచ్చినవారు తాము నేర్చిన యోగమునకు సమారాధన చేయవలెను. తోటలు అమ్ముడుపోయి, లైను ఇండ్లు పడగొట్టబడి, పట్టణపు అంచున ఇరుకుగదులలో కాలము గడపు వృద్ధులున్నారు. వారమునకొక పూట వారియొద్ద కూర్చుండి, వారి కీళ్ళకు అనువైన తేలిక ఆసనములు నేర్పి, మందులు తెచ్చియిచ్చి, వారి నోట పాత భజనకీర్తనలు విని వ్రాసికొనవలెను. బిడ్డలకు ప్రాణాయామముతోపాటు తెలుగు అక్షరములు నేర్పవలెను. దీపము వెలిగించువారు లేక మూతబడుచున్న మందిరమునకు శనివారము నాడైన పోయి, ఊడ్చి, ఒత్తి వేయవలెను. ఆ వృద్ధుడు పలుకు రామనామమునందును, ఈ యువకుడు పట్టిన శ్వాసయందును ఒక్క హృషీకేశుడే సారథియై యున్నాడని ఎఱుగవలెను.

గంగ హిమాలయమునందే నిలిచిపోయినచో అది మంచుగడ్డగానే యుండెడిది. దిగివచ్చినందుననే దాహము తీర్చు తల్లియైనది. గంగను చూచి వచ్చిన ప్రతివాడును ఆ గంగవలెనే దిగివచ్చుగాక. పెద్దల దైన్యము తొలగుగాక. పిన్నల సాధన సేవగా ఫలించుగాక.

శుభమస్తు.