పిల్లలను విడిచి ఇద్దరమే వెళ్లవచ్చునా?

ధ్యానింపవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 24:5, పరమగీతము 7:11-12, మార్కు 6:30-34



ఒక ఆదివారమున ఆరాధన ముగిసి, జనులందరు ఇండ్లకు పోయిన పిమ్మట, మందిరము ముందరి వేపచెట్టు క్రింద ఒక దంపతులు మాకొరకు నిలిచియుండిరి. అతడు బేల్దారి మేస్త్రీ. వారిద్దరును ఏడేండ్లు హైదరాబాదులో మేడల పనిచేసి, రెండేండ్ల క్రిందట స్వగ్రామమునకు తిరిగి వచ్చినవారు. ఆ ఏడేండ్లును వారి యిద్దరు పిల్లలు అవ్వయొద్దనే పెరిగిరి.

“అయ్యగారూ, మేమిద్దరమే రెండు దినాలు రామోజీ ఫిల్మ్ సిటీకి పోయి రావాలనుకుంటున్నాము. పిల్లల్ని మా అమ్మ దగ్గర ఉంచుతాము. ఇది తప్పంటారా?” అని అతడు అడిగెను. ఆమె తల వంచుకొని కొంగుకొన వ్రేలికి చుట్టుకొనుచుండెను గాని యేమియు పలుకలేదు.

మేము ఆలోచింపక ఉత్తరమిచ్చితిమి. “మందిరపు ప్రహరీగోడ సగములో నిలిచియున్నది గదా! పిల్లలను విడిచి ఆటలకు పోవుట మనవంటివారికి తగునా?” అంటిమి. వారు “సరే అయ్యగారూ” అని వెళ్లిపోయిరి. ఆ రాత్రి మాకు నెమ్మది కలుగలేదు. మేము చెప్పినది దేవుని వాక్యమా, లేక ఊరివారి మాటా? ఈ ప్రశ్ననే మీ ముందర ఉంచుచున్నాము.

ఈ స్థలములు ఎట్టివి?

హైదరాబాదునుండి విజయవాడకు పోవు రోడ్డు ప్రక్కన 1996లో తెరువబడిన రామోజీ ఫిల్మ్ సిటీ పదునారు వందల ఎకరములకు పైబడినది. లోకములోకెల్ల పెద్ద సినిమా నిర్మాణ స్థలమని గిన్నిస్ పుస్తకమున పేరెక్కినది. తోటలు, ఆటలు, సినిమాలకొరకు కట్టిన వీధులు, లోపలనే సితార, తార అను హోటళ్లు కలవు. రావిర్యాలలో 2016లో వండర్లా అను ఆటల పార్కు తెరిచిరి. ఆ కంపెనీవారిదే బెంగళూరు దగ్గర బిడదిలో 2005నుండి ఒక పార్కు ఉన్నది. దానిని ఆనుకొని రాత్రి బసకు 2012లో ఒక రిసార్టు కట్టిరి. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతమువారికి ఈ రెండు పట్టణములు క్రొత్తవి కావు. నల్లమల దాటి హైదరాబాదుకును, రైలులో బెంగళూరుకును మనవారు పోవుచునేయున్నారు. అయితే పలుగు, పార, తాపీ పట్టుకొని కూలికి పోవుచున్నారు గాని విశ్రాంతికి ఎవరు పోవుచున్నారు? ఆ మేస్త్రీ ఆ రోడ్డు ప్రక్కనే ఇటుకలు పేర్చుచు, ఫిల్మ్ సిటీకి పోవు బస్సులను ఏడేండ్లు చూచినవాడు. “ఎప్పటికైనా మనమిద్దరము పోదాము” అని భార్యతో అనినవాడు. ఈ సంగతి మాకు తరువాత తెలిసినది.

వినోదము లోకాశయా?

లోకమును, లోకములోని వాటిని ప్రేమింపవద్దని యోహాను వ్రాసిన మొదటి పత్రిక మనలను హెచ్చరించుచున్నది. ఆ హెచ్చరికను మేము తగ్గించి చెప్పము. కాని అక్కడ అపొస్తలుడు వేలు పెట్టి చూపినవి శరీరాశ, నేత్రాశ, జీవపుడంబము. రంగులరాట్నమెక్కి నవ్వుట ఆ మూటిలో ఏది? పొరుగువారికి ఫోటోలు చూపి గొప్ప చెప్పుకొనుటకు పోయినయెడల అది డంబమే. త్రాగుటకు పోయినయెడల అది శరీరాశయే. ఉద్దేశమునుబట్టి ప్రయాణము మంచిదో చెడ్డదో అగును.

జెకర్యా ప్రవక్త యెరూషలేమునకు కలుగబోవు మేలును వర్ణించుచు (8:4-5), ముసలివారు వీధులలో కూర్చుండుటయు, బాలబాలికలు ఆడుకొనుటయు చూపించెను. దేవుడు ఆటను తన పట్టణమునుండి వెళ్లగొట్టలేదు. మన స్త్రీలలో ఎందరో పదునారు, పదునేడేండ్లకే పెండ్లియై, ఆడుకొనవలసిన దినములలో నీళ్ల బిందెలు మోసినవారు. అట్టి సహోదరి ముప్పది యేండ్ల వయస్సున ఒకసారి నవ్వుచు ఊయెలెక్కినయెడల, పరలోకము కోపించునని మేము చెప్పజాలము.

విశ్రాంతి దొరలకేనా?

1845లో మధుర ప్రాంతమున పనిచేయుచుండిన అమెరికా మిషనరీలు, జ్వరములతోను కలరాతోను తమవారు మరణించుట చూచి, కొడైకెనాలు కొండమీద ఇండ్లు కట్టుకొనిరి. అటుతరువాత దక్షిణ దేశములోని మిషనరీలు అనేకులు ఎండకాలమున కొండలకు పోయి, బలము పొంది తిరిగి వచ్చుచుండిరి. అది పాపమని మన పితరులలో ఎవరును అనలేదు. దొరగారికి అలసట కలదని ఒప్పుకొనిన మనము, ఎండలో స్లాబు పోసిన మేస్త్రీకిని, ఇసుక మోసిన అతని భార్యకును అలసట కలదని ఏల ఒప్పుకొనలేము? విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసునికిని, దాసికిని, ఎద్దుకును, గాడిదకును పాలు కలదు (ద్వితీ. 5:14). మన ప్రభువు తన శిష్యులకు తినుటకైనను తీరికలేకపోవుట చూచి, ఏకాంతమైన చోటికి వచ్చి కొంచెము అలసట తీర్చుకొనుడని వారిని పిలిచెను. అక్కడను జనులు ముందుగా చేరగా ఆయన కనికరపడి వారికి బోధించెను. విశ్రాంతి కోరుట తప్పు కాదు, అవసరము వచ్చినప్పుడు దానిని విడుచుట ప్రేమ. ఈ రెండును ఒక్క అధ్యాయములోనే ఉన్నవి.

దంపతులకు ఏకాంతమెందుకు?

ద్వితీయోపదేశకాండపు ధర్మము ఆశ్చర్యమైనది. క్రొత్తగా పెండ్లియైనవానిని ఒక సంవత్సరము సేనలోనికి పిలువకూడదు, ఏ భారమును మోపకూడదు. అతడు ఇంట నుండి భార్యను సంతోషపెట్టవలెను. రాజుకు సైనికులు కావలసియున్న కాలమున సహితము, భార్య సంతోషమును దేవుడు ధర్మశాస్త్రములో వ్రాయించెను. పరమగీతములోని ప్రియురాలైతే తానే ప్రియుని పిలిచి, పొలములకు పోదము, పల్లెలలో బసచేయుదము, ద్రాక్షతోటలు చూతము అనుచున్నది.

మన యిండ్లలో జరుగునదేమి? పెండ్లియైన నెలకే అప్పుల లెక్క. ఒక్క గదిలో అత్తమామలు, మరుదులు, పిల్లలు. భార్యాభర్తలు మాటలాడుకొనునది ఎద్దుల మేత, బోరులో నీరు, బడి ఫీజు, చీటీ డబ్బు. ఇరువదియేండ్లు ఒక్క కప్పు క్రింద కాపురము చేసి, ఒకరి మనస్సు ఒకరికి తెలియనివారు మన సంఘములలో లేరా? తగవు ముదిరి పెద్దల ముందరికి వచ్చినప్పుడు మేము గంటలకొలది బుద్ధి చెప్పుదుము. తగవు రాకమునుపు వారు ఒక దినము కలిసి కూర్చుండుటకు మాత్రము గోడ కట్టవలెనని అడ్డుపడుదుము. ఇది న్యాయమా?

పిల్లల మాటయేమి?

ఇదియే కష్టమైన ప్రశ్న. దీనిని త్వరగా దాటిపోకూడదు.

అమెరికాలో 1955 జూలై 17న డిస్నీలాండును తెరచిన వాల్ట్ డిస్నీ, ఆ తలంపు తనకెట్లు కలిగెనో చెప్పియున్నాడు. తన యిద్దరు కుమార్తెలు రంగులరాట్నము తిరుగుచుండగా తాను బల్లమీద ఊరక కూర్చుండి చూచుచుండెనట. తలిదండ్రులును పిల్లలును కలిసి సంతోషించు చోటు ఒకటి ఉండవలెనని అప్పుడు తోచెనట. కాబట్టి ఇట్టి పార్కులు మొదటినుండియు కుటుంబమంతయు కలిసి పోవుటకై తలంపబడినవి. అట్టి చోట, పిల్లలు లేక పోయిన తల్లి ప్రతి ఆట దగ్గరను “మా చిన్నది చూచియుంటే!” అని నిట్టూర్చదా?

మరియు మన ప్రాంతపు పిల్లలు విడువబడుటకు అలవాటుపడినవారు. మిరప కోతలకని గుంటూరు వైపునకును, మేడల పనికని పట్టణములకును తలిదండ్రులు పోగా, నెలల తరబడి అవ్వతాతలయొద్ద నుండువారు. కూలికొరకు విడిచిపోయిన దినములు ఆకలి చేసిన పని. వాటికి ఎవరిని నిందింపగలము? అయితే అట్లు ఏడేండ్లు ఎడబాసిన పిల్లవానికి, “అమ్మానాన్నలు మరల బస్సెక్కుచున్నారు” అను మాట ఎట్లు వినబడును? రెండు దినములకు వత్తురని వానికేమి నమ్మకము? ఇంటిలో రాత్రింబగళ్లు పిల్లలతోనే సతమతమగు తల్లికి రెండు దినముల ఏకాంతము ఔషధము. పిల్లలను ఏండ్లకొలది చూడని తల్లికి మొదటి ఔషధము పిల్లలే. ఒకే ప్రయాణము ఒక యింటికి మేలు, మరియొక యింటికి గాయము కావచ్చును.

లూకా సువార్త రెండవ అధ్యాయములో యోసేపు మరియలు బాలుడైన యేసు బంధువులతో ఉన్నాడనుకొని ఒక దినప్రయాణము సాగిపోయిరి. బంధువులను నమ్ముట వారి తప్పు కాదు. అడుగక “అనుకొనుట”యే మూడు దినముల దుఃఖమునకు కారణమాయెను. కనుక “అవ్వ చూచుకొనునులే” అనుకొనుట చాలదు. అవ్వను అడుగవలెను. ఆమె మోకాళ్లు, ఆమె కన్నులు, ఆమె ఓపిక ఎట్లున్నవో విచారింపవలెను. తిమోతికి అవ్వయైన లోయియొద్దనుండి విశ్వాసము సంక్రమించినది. అవ్వ జీతము లేని దాసి కాదు, దేవుడు ఇంటికిచ్చిన బోధకురాలు. ఆమె సమ్మతి లేనిది ఆ ప్రయాణము మంచిది కాదు.

డబ్బు మాట

మరియ ప్రభువు పాదములకు విలువగల అత్తరు పూయగా, దానిని అమ్మి బీదలకు ఇవ్వవలసినదని యూదా అనెను. ఆ అత్తరు ప్రభువుకే అర్పింపబడినది గనుక, మన విహారమును దానితో సమానము చేయరాదు. కాని ప్రేమ చేసిన ఖర్చును మరియొకరి పేరట తప్పుపట్టుట ఎంత సులభమో అక్కడ నేర్చుకొందము. గోడ పేరు చెప్పిన మేము ఆ దినమున ఎవరి వరుసలో నిలిచితిమో తలంచుకొని సిగ్గుపడితిమి. అయినను అప్పుచేసి పోవుట విశ్రాంతి కాదు. వడ్డీ కట్టుచు గడుపు నెలలు రెండు దినముల సంతోషమును మ్రింగివేయును. చీటీ పాడి, తాకట్టు పెట్టి పోవద్దు. దశమభాగమును, బడి ఫీజును, ముసలివారి మందులను ముందు తీసి, మిగిలినదానితో పొండి.

ఎట్టి చోటు ఎన్నుకొనవలెను?

పోవ నిశ్చయించుకొనినవారు ఈ సంగతులు ఆలోచింపవలెను.

1. మీకు కావలసినది ఆటయా, విశ్రాంతియా? పెద్ద పార్కులో ఉదయమునుండి సాయంత్రమువరకు నడకయు, వరుసలలో నిలుచుటయునే యుండును. ఆటకొరకైతే సరే. మాటలాడుకొనుటకైతే చెరువుగట్టు చాలును.

2. గుండెజబ్బు, రక్తపోటు, నడుమునొప్పి గలవారిని, గర్భిణులను వేగముగా తిరుగు ఆటలకు రానియ్యరు. అట్టివారు టిక్కెట్టు కొనకముందే ఆలోచింపవలెను.

3. సెలవు దినములలోను, వారాంతములలోను జనసమ్మర్దము మెండు, ఖర్చును ఎక్కువ. పనిదినములు మేలు. ఆదివారపు ఆరాధన మానుకొనకుండ ప్రయాణము పెట్టుకొనుడి.

4. రాత్రి బస అక్కడనే యున్నదా, లేక చీకటిలో మరల పట్టణమునకు పోవలెనా అని ముందు తెలిసికొనుడి. కొత్తచోట తిరుగులాటతో అలసినవారు తగవులాడుదురు.

5. పగలు ఫోను కట్టివేసినను, పిల్లలు పండుకొను వేళ తప్పక మాటలాడి, వారితో కలిసి ప్రార్థన చేయుడి. తిరిగి వచ్చు దినమును చెప్పి, ఆ దినముననే రండి.

6. ఇంట ఒకరి మాట ఒకరు విననివారిని ఏ రిసార్టును బాగుచేయజాలదు.

వారు ఏమి చేసిరి?

మేము ఆ బుధవారము సాయంకాలమున వారి యింటికి పోయి, “ఆదివారము మేము చెప్పినది తొందరపాటు మాట. మన్నించండి” అంటిమి. అతడు లేచి నిలువబడెను. ఆమె అప్పుడు మొదటిసారి నోరు తెరిచి, “నాకు పోవాలనే ఉంది అయ్యగారూ. అయితే మొదట పిల్లలతో ఎక్కడికైనా పోయి, తరువాత మేము పోతాము. వాళ్లను విడిచి పోవడమే వాళ్లకు తెలుసు. వెంట తీసుకపోవడం తెలియదు” అనెను. మా ప్రసంగములన్నిటికంటె ఆ మాట లోతైనది. వాక్యము తెలిసిన మేము ఆమెను అడుగనేలేదు. ఆమె భర్తయు అడుగలేదు.

సంక్రాంతి సెలవులలో నలుగురును, అవ్వతో కూడ, అన్నపుమూట కట్టుకొని కంభము చెరువునకు పోయిరి. గుండ్లకమ్మకు అడ్డముగా పూర్వులు కట్టిన ఆ కట్టమీద దినమంతయు గడిపిరి. మరుసటి నెలలో, పిల్లలకు దినము గుర్తుచెప్పి, దంపతులిద్దరు హైదరాబాదు పోయి రెండు దినములుండి, చెప్పిన దినముననే తిరిగి వచ్చిరి.

ఎట్లుండెనని మేము అడుగగా, రాట్నములను గూర్చి చెప్పునని తలంచితిమి. అతడు కొంత సేపు ఊరకుండి, “అయ్యగారూ, పెండ్లియై పదునాలుగేండ్లాయె. మేమిద్దరము ఎదురెదురుగా కూర్చుండి అన్నము తినడము అదే మొదటిసారి. ఆమె ఎప్పుడును అందరి వెనుకనే తినేది. ఆమెకు వంకాయ యిష్టము లేదని అక్కడ తెలిసింది. ఇన్నేండ్లు నాకొరకే వండింది” అనెను.

ప్రియులారా, ఆ వార్త తెలియుటకు నల్లమల దాటవలసి వచ్చెను. దాటినందుకు దేవునికి స్తోత్రము. దాటలేనివారు ఈ రాత్రియే పీటలు ఎదురెదురుగా వేసికొనవచ్చును. ప్రహరీగోడ ఇంకను సగములోనే యున్నది. ఆ మేస్త్రీ వచ్చే నెలలో నాలుగు దినములు ఉచితముగా పనిచేసెదనని తానే వచ్చి చెప్పెను.

ప్రార్థన: ప్రభువా, పనిని ఇచ్చిన నీవే విశ్రాంతిని ఇచ్చితివి. ఇతరుల సంతోషమును కొలుచుటకు తొందరపడు మా నోళ్లకు కావలియుంచుము. మా యిండ్లలో వెనుక తినువారిని ముందుకు పిలుచు మనస్సు మాకు దయచేయుము. విడువబడిన పిల్లలకు నీవే తోడుగా నుండుము. ఆమేన్.