పొదుపు యెవరి కోసం?

2024లో ప్రపంచ విద్యుత్తులో సుమారు నూటికి 1.5 వంతు డేటాసెంటర్లకే పోయిందని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. ఆ యేడే బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఏరియా, కృత్రిమ మేధకయ్యే లెక్కల ఖర్చును వెయ్యో వంతుకు దించాలనే పరిశోధనకు 4.2 కోట్ల పౌన్లు కేటాయించింది. మనిషి మెదడు సుమారు 20 వాట్లతో పని చేస్తూండగా యంత్రానికింత ఆకలేమిటన్న ప్రశ్న న్యాయమైనదే.

అయితే పొదుపు దానంతటదే ధర్మం కాదని నా అభిప్రాయం. ఆవిరియంత్రం బొగ్గును ఆదా చేసినకొద్దీ బొగ్గు వాడకం పెరిగిందే గాని తగ్గలేదని జెవన్స్ 1865లోనే చూపించాడు. చవకైన శక్తి లాభాపేక్ష చేతిలో పడితే జరిగేది అదే.

వికేంద్రీకరణ మాటా అంతే. 2020లో లక్షలాదిమంది తమ ఇళ్ల కంప్యూటర్లను ఫోల్డింగ్ ఎట్ హోమ్‌కు అరువిచ్చి కరోనా పరిశోధనకు తోడ్పడ్డారు. అక్కడ ఫలితాలు అందరివీ అయినాయి. అట్లా కానప్పుడు, యంత్రాలు వెయ్యి ఇళ్లలో వున్నా ఒరిగేదేమిటి? బీడీలు ఇంట్లో చుట్టినంతమాత్రాన కంపెనీ కార్మికురాలిది కాదు గదా!

కనుక ప్రజాధనం ఇచ్చేముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మిగిలిన కరెంటు యెవరింట దీపం వెలిగిస్తుంది? ఈ జవాబు శాస్త్రజ్ఞుడొక్కడే చెప్పలేడు. చెప్పించుకోవలసింది మనమే.