ఫలాపేక్ష లేని కావలి

మనము దేనినైనను కాపాడునపుడు, దానివలన కలుగబోవు లాభమును బట్టి కాపాడుచున్నామా, లేక దానియెడ మనకు గల ధర్మమును బట్టి కాపాడుచున్నామా యను ప్రశ్న సాధారణముగా మన మనస్సునకు తట్టదు. పాలిచ్చు ఆవునకు మేత వేయుదుము. కాయలు కాయు చెట్టునకు నీరు పోయుదుము. ఇట్టి కార్యములందు లాభమును ధర్మమును కలసియే యుండుటచేత వానిని విడదీసి చూడవలసిన పని కలుగదు. లాభము బొత్తిగా లేనిచోట మాత్రమే మన ధర్మముయొక్క నిజస్వరూపము తేటపడును. అట్టి చోటు నొకదానిని నేను కన్నులార చూచితిని గనుక, దానినిగూర్చి చదువరులతో కొంత ముచ్చటింప గోరుచున్నాను.

నా కుమార్తెయు అల్లుడును ఉద్యోగరీత్యా కెన్యా దేశపు రాజధానియగు నైరోబీ నగరమున కాపురముండిరి. 2024వ సంవత్సరము ఆగస్టు నెలలో నేను వారిని చూడబోయినపుడు, నా కుమార్తె నన్ను ఓల్ పెజెటా యను మృగరక్షణ క్షేత్రమునకు తోడ్కొనిపోయెను. అది నైరోబీకి ఉత్తరమున సుమారు 200 కిలోమీటర్ల దూరమున, లైకిపియా పీఠభూమిపై, నాన్యుకి పట్టణమునకు సమీపమున నున్నది. భూమధ్యరేఖ ఆ ప్రాంతముననే పోవుచున్నను, ఎత్తైన నేల యగుటచే ఉదయమున చలిగా నుండెను. తూర్పున కెన్యా పర్వతము, పడమట అబర్డేర్ కొండలు. నడుమ సుమారు 90,000 ఎకరముల పచ్చిక బయలు. ఏనుగులు, సింహములు, జిరాఫీలు, జీబ్రాలు అచట స్వేచ్ఛగా తిరుగుచున్నవి. బోరాన్ జాతి పశువుల మందలును ఆ బయలుననే మేయుట నాకు వింత గొలిపెను.

మేము ముఖ్యముగా చూడబోయినది రెండే రెండు జంతువులను. అవి ఉత్తరపు తెల్ల ఖడ్గమృగములు. తెల్లవని పేరే కాని వాని మేనివన్నె బూడిదరంగు. తల్లి పేరు నాజిన్, కూతురి పేరు ఫాటూ. మేము చూచిన నాటికి ఈ భూమండలమున ఆ తెగలో మిగిలియున్నవి అవి రెండే. 1960 ప్రాంతమున సుమారు 2,000 ఉండిన ఆ తెగ, కొమ్ముల కొరకు జరిగిన వేటచేతను, అవి నివసించు దేశములలో చెలరేగిన అంతర్యుద్ధములచేతను, 1984 ప్రాంతమునకు అడవిలో పదునైదింటికి దిగజారెను. కాంగో దేశపు గరాంబా వనమున కొంత కోలుకొని మరల వేటగాండ్ర పాలయ్యెను. 2009 డిసెంబరులో చెక్ దేశపు జంతుప్రదర్శనశాలనుండి నాలుగింటిని ఈ క్షేత్రమునకు తెచ్చిరి. వానిలో సునీ యను మగది 2014లో చనిపోయెను. నాజినునకు తండ్రియు, ఆ తెగలో కడపటి మగదియు నైన సుడాన్ 2018 మార్చి 19వ తేదీన కన్నుమూసెను. ఇంతటి వినాశమునకు మూలమైన ఆ కొమ్ము మన గోళ్ళలో నుండు పదార్థముతోనే యేర్పడినది. మనము గోటిని తీసి పారవైచుదుము. అట్టిదానికై మనుష్యులు ఒక తెగనే తుదముట్టించిరి.

ఆ రెండింటిని సాయుధులగు కావలివారు రేయింబగళ్ళు కాయుచుండిరి. వేటగానికి ఆశ పుట్టకుండుటకై వాని కొమ్ములను ముందే కోసి కురుచ చేసియుండిరి. ఆ క్షేత్రముననే యొక చెట్టుక్రింద, చనిపోయిన ఖడ్గమృగముల పేర్లు చెక్కిన రాళ్ళు కలవు. వానిలో పెక్కు వేటగాండ్రచే హతమైనవి.

నాజిన్ వెనుకకాళ్ళు బలహీనములనియు, ఫాటూ గర్భాశయము వ్యాధిగ్రస్తమనియు, అందుచే రెండును గర్భము మోయజాలవనియు కావలివాడు చెప్పెను. అది విని నా కుమార్తె, "నాన్నగారూ, ఇవి ఇక పిల్లలను కనలేవని తెలిసియే ఇంతమంది కాయుచున్నారు గదా!" అనెను.

నేను బదులు చెప్పలేకపోతిని. ఏలయనగా ఆమెకు వివాహమై తొమ్మిదేండ్లయినది, సంతానము కలుగలేదు. మా బంధువులు ఆమెను చూచినపుడెల్ల "విశేషమేమైన కలదా?" అని యడుగుటయు, సీమంతములకు పిలువక మానుటయు నేనెరుగుదును. చదువుకొన్నవాడను, సంఘసంస్కారమునుగూర్చి సభలలో మాటలాడినవాడను. అయినను ఆ మాటలు నా యింటి వసారాలోనే వినబడినపుడు, వార్తాపత్రికను మొగమున కడ్డము పెట్టుకొని యూరకుంటిని.

స్త్రీని మృగముతో పోల్చుట నా యుద్దేశము గాదు. కాని ప్రాణియొక్క విలువను అది కను సంతానముతో తూచు త్రాసు రెండుచోట్లను ఒక్కటియే. ఆ త్రాసు అడవిలో తప్పని తోచినపుడు ఇంటిలో ఒప్పెట్లగును?

ఇచట నొక యాక్షేపణ పుట్టవచ్చును. వారు ఫలము కోరియే కాయుచున్నారు గదా యని కొందరనవచ్చును. నిజమే. శాస్త్రజ్ఞులు 2019 నుండి ఆ మృగముల అండములను సేకరించి, పూర్వము నిలువచేసిన మగవాని వీర్యముతో ఫలింపజేసి, పిండములను ద్రవ నత్రజనిలో దాచుచున్నారు. దక్షిణపు తెగలోని ఆడుదానిచే వానిని మోయింపవలెనని వారి యాలోచన. ఈ పద్ధతిచే దక్షిణపు తెగ పిండమే యొకటి గర్భమున నిలిచెనని 2024 జనవరిలో ప్రకటించిరి. అయితే ఆ తల్లి 70 దినముల గర్భముతో వ్యాధిచే మరణించెను. దక్షిణపు తెగయు 19వ శతాబ్దాంతమున నూరింటికి లోబడి, రక్షణచే 15,000కు మించి పెరిగినదే. కావున వారి యాశ నిరాధారము గాదు. కాని 2021లో నాజిన్ వయస్సును, ఆరోగ్యమును విచారించి, దాని క్షేమమే ముఖ్యమని యెంచి, దానినుండి అండములు తీయుట మానివేసిరి. అంతటితో ఆ ప్రయత్నమునకు దానివలన కలుగు ప్రయోజనము తీరిపోయెను. అయినను దాని కావలి తీసివేయలేదు. ఫాటూకు వేయు మేతయే దానికిని వేయుచుండిరి. ధర్మము లాభమునుండి విడివడి నిలిచినది ఇచటనే.

మనుష్యులు ఆకలిగొనియుండగా మృగములకింత వ్యయమేల యను రెండవ యాక్షేపణ ఇంకను బరువైనది. ఆ లైకిపియా నేలనుండియే 1911-1913 సంవత్సరములలో ఆంగ్ల ప్రభుత్వము మసాయి ప్రజలను మందలతో సహా దక్షిణమునకు తరలించి, భూములను తెల్లవారికిచ్చెను. మనుష్యులను వెడలగొట్టిన నేలపై మృగములను కాపాడి పుణ్యము మూటగట్టుకొంటిమనుట చెల్లదు. చుట్టుపట్ల బడులకును వైద్యశాలలకును ఆ క్షేత్రము చేయు సాయము ఆ ఋణములో కొంతభాగమే. అయినను మసాయిలకు జరిగిన యన్యాయమును ఈ మృగములు చేయలేదు. ఒక ఋణము తీరలేదన్న కారణమున రెండవ ఋణమును ఎగవేయుట న్యాయము గాదు. ఈ తెగను నశింపజేసినది మనుష్యుడే గనుక, మిగిలినవానిని కాచుట అతడు చేయు దానము గాదు, తీర్పవలసిన బాకీ. బాకీపడినవాడు, "నీకు చెల్లించినచో నాకేమి లాభము?" అని ఋణదాతను అడుగుట యెచటనైన కలదా?

ఇవి పోయిన పిమ్మట ఏమి చేయుదువని కావలివానిని అడిగితిని. వేరొక మృగమును కాయుదుననియు, నేడు మాత్రము ఇవి యున్నవనియు అతడు చెప్పి, ఫాటూ చెవివెనుక నిమురసాగెను.

తిరిగి వచ్చునపుడు బండిలో, "అమ్మాయీ, నేను మాటలాడవలసినచోట మాటలాడనైతిని. తప్పు నాది" అంటిని. ఆమె చాలసేపు కొండవైపు చూచుచుండి, "ఆ మాట ఇంటికి పోయి అందరి యెదుట చెప్పండి నాన్నగారూ" అనెను.

మరుసటి నెలలో మా తమ్ముని యింట సీమంతము జరిగెను. నా కుమార్తెకు పిలుపేల పంపలేదని పదిమందిలో అడిగితిని. ఎవరును బదులు చెప్పలేదు. అడుగుట తొమ్మిదేండ్లు ఆలస్యమైనదని నాకు తెలియును, అయినను అడుగవలసినదే.