సాలగ్రామం పుట్టిన చోటి ఉల్లి

మా ఇంట్లో ఉల్లిపాయ తరగరు. వైష్ణవులం, తరాలుగా అంతే. మెల్‌బోర్న్‌లో కొడుకు దగ్గరికి వచ్చాక కూడా ఆ నియమం నాకెప్పుడూ బరువనిపించలేదు. అయితే పక్కింటి నేపాలీ అమ్మాయి మినప్పప్పు తాలింపులో వేసే ఎండు పోచలు మాత్రం నన్ను విడవకుండా ఆలోచనలో పడేశాయి.

వాటి పేరు జింబు. నేపాల్‌లోని ముస్తాంగ్ కొండల్లో తనంతట తానే మొలిచే అడవి ఉల్లి. ఆకు కోసి, ఎండబెట్టి, ఏడాదంతా దాచుకుంటారు. కాగిన నేతిలో పడ్డాకే దాని ఘుమఘుమంతా బయటికొస్తుంది. ఆ కొండల్లోనే ఉన్న ముక్తినాథ్ వైపు పప్పంటే ఇదే తాలింపని ఆ అమ్మాయి చెప్పింది.

ముక్తినాథ్! మన నూట ఎనిమిది దివ్యదేశాల్లోని తిరుసాలగ్రామం అదేగా. 3,700 మీటర్ల పైచిలుకు ఎత్తున, పెరియాళ్వారు, తిరుమంగై ఆళ్వారు పాడిన క్షేత్రం. నేను రోజూ ఆరగింపు పెట్టే సాలగ్రామం ఆ సీమలో పారే గండకిలో దొరికిందే. మరి అక్కడివాళ్ళ పప్పును తామసమని ఏ నోటితో అనను?

వాసనే దోషమైతే ఇంగువ సంగతేమిటి? గుడి పులిహోరకి అది లేనిదే రుచి రాదు. మనుస్మృతి ఐదో అధ్యాయంలో వెల్లుల్లినీ ఉల్లినీ పేరు పెట్టి కాదన్న మాట నిజమే. ఆ శ్లోకంలోనే పుట్టగొడుగులూ ఉన్నాయి. ఉల్లి ముట్టని ఇళ్ళల్లోనూ ఇక్కడ పుట్టగొడుగుల కూర వండుకుంటున్నారు, ఎవరూ తప్పు పట్టరు. గీత పదిహేడో అధ్యాయమైతే ఏ మొక్క పేరూ ఎత్తదు. అతి కారం, అతి పులుపు, చద్దితనం, దుర్గంధం అంటూ గుణాలే చెబుతుంది.

దోషం మొక్కలోనే ఉంటే ఆ స్వామి కొండల్లో అది మొలిచేదే కాదని నా నమ్మకం. వానలు అంతగా అందని ఆ చలిసీమలో కూరగాయలకి కరువు. అక్కడ పప్పుకి రుచినిచ్చేది ఈ పోచే. ఆ కోవెల సేవలో బౌద్ధ సన్యాసినులూ ఉన్నారు. స్వామి ఎవరినీ దూరం పెట్టలేదు. ఉల్లి మానడం పెరుమాళ్ళకి నేనిచ్చుకున్న మాట. ప్రాణమున్నంతవరకూ నిలబెట్టుకుంటాను. ఆ మాట పట్టుకుని ఇంకొకరి కంచాన్ని తూచే హక్కు నాకెవరూ ఇవ్వలేదు.

మొన్న మనవడు ఆ నేపాలీ అమ్మాయి ఇంట్లో ఆ పప్పన్నం తిని వచ్చి తీర్థం అడిగాడు. నోరు పుక్కిలించి రమ్మని కూడా అనకుండా ఇచ్చాను. ముక్తినాథ్ పిల్లలకి అక్కడెవరు కాదన్నారు గనక?