ఉరిత్రాడును మన చేతులును

వాడరేవునకు దక్షిణమున, ఒంగోలు చెంత జాతీయ రహదారిపై 2008లో జరిగిన హత్యలను తలంచునపుడెల్ల, చంపినవారి క్రౌర్యముకంటె చచ్చినవారి విధేయతయే మమ్మెక్కువగా బాధించుచున్నది. మున్నా యనువాడును వాని ముఠాయును అధికారుల వేషమున ఇనుప సరకు లారీలను ఆపి, కాగితములు చూపుమనిరి. డ్రైవరులును క్లీనరులును మారుమాటాడక ఆపిరి. వారిని గొంతు బిగించి చంపి, పాతిపెట్టి, సరకు నమ్ముకొని, లారీలను ముక్కలు చేసిరి. తన లారీ జాడ కానక యొక యజమాని చేసిన ఫిర్యాదుతో గుట్టు బయటపడెను.

చేయెత్తినవాడెవడని యడుగు హక్కును మనము కూలివానికి ఎన్నడును నేర్పలేదు. న్యాయవాదులమైన మేమును ఈ లోపమునకు పాలివారమే.

2021 మే 24వ తేదీని ఒంగోలు న్యాయస్థానము పండ్రెండుగురకు మరణదండనము విధించెను. అట్టి శిక్ష హైకోర్టు ధ్రువపరచిననేగాని అమలుకాదు. 1980లో బచన్‌సింగ్ కేసున సుప్రీంకోర్టు ఈ శిక్షను అత్యంతారుదైన నేరములకే పరిమితము చేసెను. ఈ నేరము అట్టిది కాదని మేము వాదింపజాలము. అయినను ఉరిత్రాడు బిగియునది మన పేరనే కదా! హంతకునకు లేని సంకోచము మనకైన నుండవలదా?

“మీ యింటివాడే పోయిన నిట్లనియెదరా?” యని మిత్రులడిగిరి. అనలేమేమో. దుఃఖితునకు పగ సహజము. అందుచేతనే శిక్షను అతని చేతికీయక న్యాయస్థానమున కిచ్చితిమి. మరి నేరమునకును తీర్పునకును నడుమ గడచిన పండ్రెండేండ్లకు పైబడిన కాలమున, చనిపోయినవారి యిండ్లలో పొయ్యి యెట్లు రాజెనని మనలో నెవరడిగిరి?